రేవులో ఆలస్యం, రైతు ధరలో కోత

సంఘం కార్యకర్తల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం



ఉదయం నుంచి ఎరువుల ధరల గురించి, కౌలు రైతుల గుర్తింపు కార్డుల గురించి మాట్లాడుకున్నాం. ఈ పూట కస్టమ్స్ గురించి మాట్లాడాలని అనుకున్నాం. అజెండాలో ఈ మాట చూసి కొందరు నవ్వారు. "కస్టమ్స్‌తో మనకేం పని? అది ఓడల వాళ్ల గొడవ, ఎగుమతి వ్యాపారుల గొడవ కదా" అన్నారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. అక్కడి నుంచే మొదలుపెడదాం.

మిర్చి టిక్కీలు వేసుకుని గుంటూరు యార్డుకు వెళ్తాం. నిన్న ఉన్న ధర ఇవాళ ఉండదు. ఎందుకు పడిందని అడిగితే వచ్చే జవాబులు మనకు కంఠతా వచ్చు. "ఎగుమతి లేదు." "బోర్డర్ మూశారు." "పోర్టులో కంటైనర్లు ఆగిపోయాయి." ఆ మాట నిజమో కాదో తేల్చుకునే దారి మనకు లేదు. నిజమైతే ఆ నష్టం మనమే భరిస్తాం. అబద్ధమైనా మనమే భరిస్తాం. ఖమ్మంలో జెండా పాట దగ్గర నిలబడే రైతు పరిస్థితీ ఇదే, కడపలో ఉల్లి పండించే రైతు పరిస్థితీ ఇదే. మనం ఎన్నడూ చూడని గేటు ఒకటి మన ధరను నిర్ణయిస్తోంది. ఆ గేటు ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడం అందుకే మన పని.

సుంకం వేరు, పద్ధతి వేరు

ముందు ఒక గందరగోళం తీర్చుకుందాం. సరిహద్దు దగ్గర రెండు రకాల అడ్డంకులు ఉంటాయి. ఒకటి సుంకం. బయటి నుంచి వచ్చే పత్తి మీద, పామాయిల్ మీద, పప్పుల మీద ఎంత పన్ను వేయాలన్నది. దాన్ని తగ్గిస్తే బయటి సరుకు చౌకగా దిగి మన ధర పడుతుంది. 2025 ఆగస్టులో కేంద్రం పత్తి మీద 11 శాతం దిగుమతి సుంకాన్ని ఎత్తేసి, ఆ మినహాయింపును డిసెంబరు చివరి దాకా పొడిగించింది. పత్తి తీతలు సాగే నెలలవి. దాని మీద మన పోరాటం వేరే ఉంది, అది సాగుతుంది.

రెండోది పద్ధతి. అంటే కాగితాలు, తనిఖీలు, శాంపిళ్లు, సంతకాలు, ఫీజులు, ఎదురుచూపులు. సుంకం సున్నా అయినా ఈ పద్ధతి సరుకును రోజుల తరబడి ఆపగలదు. ఇవాళ మనం మాట్లాడేది ఈ రెండో దాని గురించే. రెంటినీ కలిపేస్తే "కస్టమ్స్ సులభం చేయాలి" అనే ప్రతి మాటా మనకు వ్యతిరేకంగా కనిపిస్తుంది, లేదా ప్రతి మాటా మంచిగా కనిపిస్తుంది. రెండూ తప్పే.

మిర్చి బయటి దేశానికి వెళ్లే దారి చూడండి. యార్డులో కొన్న వ్యాపారి తొడిమలు తీయించి, గ్రేడు చేయించి, కంటైనరు సిద్ధం చేస్తాడు. సుగంధ ద్రవ్యాల బోర్డు నిర్దేశించిన శాంపిల్ పరీక్షలు ఉంటాయి. పురుగు లేదని మొక్కల క్వారంటైన్ అధికారుల ధ్రువపత్రం కావాలి. పొగబెట్టిన సర్టిఫికెట్ అడిగే దేశాలున్నాయి. సరుకు ఈ దేశంలోనే పండిందని రుజువు చూపాలి. కస్టమ్స్ ఏజెంటు షిప్పింగ్ బిల్లును కంప్యూటర్లో వేస్తాడు. అధికారి అనుమతిస్తే ఓడెక్కుతుంది. అవతలి రేవులో మళ్లీ ఇదంతా మొదలు. అక్కడ దిగుమతి బిల్లు, అక్కడ శాంపిల్, అక్కడ పరీక్ష. ఒక్క కాగితంలో ఒక్క అంకె తేడా వస్తే కంటైనరు నిలబడుతుంది. నిలబడిన ప్రతి రోజుకూ రేవుకు డెమరేజ్ కట్టాలి, కంటైనరు కంపెనీకి వేరే అద్దె కట్టాలి.

ఆ ఖర్చు ఎవరు కడతారు?

చూడ్డానికి వ్యాపారి కడతాడు. కానీ యార్డులో పాట పాడేటప్పుడే అతను ఆ లెక్క వేసుకుంటాడు. అవతలి దేశంలో ధర ఇంత, ఓడ ఖర్చు ఇంత, కాగితాల ఖర్చు ఇంత, ఆగిపోతే పడే నష్టం ఇంత, తన లాభం ఇంత. ఇవన్నీ తీసేయగా మిగిలినదే మనకు పాడే ధర. వరసలో చివర నిలబడ్డవాళ్లం మనం. మన వెనక ఎవరూ లేరు కాబట్టి ఖర్చును ఇంకొకరి మీదకు నెట్టలేం. బహుశా ఆగిపోవచ్చు అనే భయానికి కూడా మన ధరలోంచే కోత పడుతుంది. సరుకు నిజంగా ఆగనక్కర్లేదు.

దీనికి ఒక లెక్క చెబుతాం. 2020 జులైలో గుంటూరు దగ్గర రెడ్డిపాలెం నుంచి బంగ్లాదేశ్‌లోని బేనాపోల్‌కు ఎండుమిర్చితో ప్రత్యేక పార్శిల్ రైలు వెళ్లింది. లాక్‌డౌన్‌లో రోడ్డు రవాణా దెబ్బతినడంతో ఆ ఏర్పాటు చేశారు. 16 పార్శిల్ వ్యాన్లలో సుమారు 384 టన్నుల సరుకు సరిహద్దు దాటింది. రైల్వే అప్పట్లో ప్రకటించిన లెక్క ప్రకారం రోడ్డు మీద టన్నుకు 7,000 రూపాయలు అయ్యే ఖర్చు, రైల్లో 4,608 రూపాయలు అయింది. అంటే టన్నుకు 2,392 రూపాయల ఆదా. క్వింటాలుకు దాదాపు 240 రూపాయలు.

ఇది కస్టమ్స్ ఖర్చు కాదు, రవాణా ఖర్చు. కానీ మన ప్రశ్న రెండింటికీ ఒకటే. క్వింటాలుకు ఆదా అయిన ఆ 240 రూపాయల్లో మిర్చి పండించిన రైతుకు ఎంత వచ్చింది? యార్డులో మనకిచ్చిన ఏ తక్‌పట్టీలోనూ దానికి ఒక గడి లేదు. ఖర్చు పెరిగితే మన ధరలో కోత పడుతుంది. ఖర్చు తగ్గినప్పుడు ఆ తగ్గుదల మన దాకా వస్తుందన్న హామీ ఏదీ లేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

కృష్ణాపురం ఉల్లి నేర్పిన పాఠం

కాగితాలకన్నా పెద్ద ఆలస్యం ఇంకొకటి ఉంది. అది రాత్రికి రాత్రి వచ్చే ఉత్తర్వు.

కడప జిల్లాలో కృష్ణాపురం ఉల్లి పండిస్తాం. చిన్న గడ్డ, ఘాటు ఎక్కువ. మన వంటిళ్లలో దీని వాడకం తక్కువ. మలేసియా, సింగపూర్, థాయిలాండ్ లాంటి దేశాలు దీన్ని కొంటాయి. చెన్నై రేవు నుంచి వెళ్తుంది. ఎగుమతి లేకపోతే ఈ ఉల్లికి వేరే మార్కెట్ వెతుక్కోవడం చాలా కష్టం.

2019 సెప్టెంబరు 29న కేంద్రం ఉల్లి ఎగుమతిని నిషేధించింది. ఢిల్లీలో, ముంబయిలో ధర పెరిగిందని ఆ నిర్ణయం తీసుకున్నారు. ఢిల్లీ వంటింట్లోకి పోని కృష్ణాపురం ఉల్లికీ అదే తాళం వేశారు. ఇక్కడి ఉల్లిని ఆపితే అక్కడ ధర తగ్గదని చెప్పడానికి, వాళ్లు వినడానికి నాలుగు నెలలు దాటింది. 2020 ఫిబ్రవరి 6న కృష్ణాపురం ఉల్లికి సడలింపు ఇచ్చారు. అదీ 10,000 టన్నులకు, మార్చి 31 దాకా, చెన్నై రేవు నుంచి మాత్రమే. ఇది కృష్ణాపురం ఉల్లేనని, ఇంత పరిమాణమని కడప ఉద్యాన శాఖ సహాయ సంచాలకుల ధ్రువపత్రం తెచ్చుకోవాలి.

పాఠం నేర్చుకున్నారనుకున్నాం. అదే ఏడాది సెప్టెంబరు 14న మళ్లీ నిషేధం. ఈసారి కూడా కృష్ణాపురం ఉల్లి, బెంగళూరు రోజ్ ఉల్లి కలిపి అన్నిటి మీదా. మళ్లీ విజ్ఞాపనలు. అక్టోబరు 9న మళ్లీ 10,000 టన్నుల సడలింపు, మళ్లీ అదే ధ్రువపత్రం, అదే చెన్నై రేవు. ఏడెనిమిది నెలల కింద ఒప్పుకున్న సంగతినే మళ్లీ మొదటి నుంచి రుజువు చేయాల్సి వచ్చింది. ఉల్లి అన్నాళ్లు ఆగే సరుకు కాదు. ఫైలు కదిలే లోపు గడ్డ మొలకెత్తుతుంది, కుళ్లుతుంది.

ఆ సెప్టెంబరు నిషేధం సరిహద్దు అవతలి వాళ్లనూ దెబ్బకొట్టింది. బంగ్లాదేశ్ వెళ్లాల్సిన ఉల్లి లారీలు సరిహద్దు దగ్గర నిలిచిపోయాయి. ముందు చెప్పకుండా ఆపేశారని ఆ దేశం అభ్యంతరం చెప్పింది. తర్వాత 25,000 టన్నులకు ప్రత్యేక అనుమతి ఇచ్చారు. అప్పటికి లారీల్లో కొంత ఉల్లి పాడైపోయింది.

బియ్యం సంగతీ ఇంతే. 2022 సెప్టెంబరు 8న ఉత్తర్వు వచ్చింది, 9న అమలు. నూకల ఎగుమతి బంద్, తెల్ల బియ్యం మీద 20 శాతం ఎగుమతి సుంకం. 2023 జులై 20న బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతే ఆపేశారు. ఆ నిషేధం 2024 సెప్టెంబరులో గానీ ఎత్తలేదు. కాకినాడ రేవు మీద ఆధారపడిన మిల్లులు కొనుగోళ్లు తగ్గిస్తే ఆ దెబ్బ గోదావరి జిల్లాల కల్లాల్లో తగులుతుంది.

దేశ ప్రజలకు తిండి కొరత వస్తే ఎగుమతి ఆపే హక్కు ప్రభుత్వానికి ఉండాలి. అందులో మాకు రెండో మాట లేదు. మా అభ్యంతరం ఆపే పద్ధతి మీద. రేవు దాకా వెళ్లిన సరుకును మధ్యలో వదిలేయడం, ఢిల్లీ తినని ఉల్లిని ఢిల్లీ కోసం ఆపడం, తప్పు దిద్దడానికి నెలలు తీసుకోవడం, వీటి మీద. గేటు దగ్గర కంప్యూటర్లు పెట్టి గంటలు తగ్గించామని చెప్పుకునే ప్రభుత్వం, ఒక్క ఉత్తర్వుతో నెలలు పెంచుతోంది.

ఒప్పందంలో ఏముంది

ఇప్పుడు ప్రపంచ వాణిజ్య సంస్థ సంగతికి వద్దాం. పేపర్లలో డబ్ల్యూటీఓ అని వస్తుంది. ఇందులో వాణిజ్య సులభతర ఒప్పందం అని ఒకటుంది. టీఎఫ్ఏ అంటారు. 2013 డిసెంబరులో ఇండోనేషియాలోని బాలిలో కుదిరింది. మన దేశం 2016 ఏప్రిల్‌లో ఆమోదించింది. మూడింట రెండొంతుల సభ్య దేశాలు ఆమోదించాక 2017 ఫిబ్రవరి 22 నుంచి అమల్లోకి వచ్చింది. ఇది సుంకాలు తగ్గించమని చెప్పదు. సరిహద్దు పద్ధతుల గురించే చెబుతుంది.

ఇందులో మనకు పనికొచ్చే సంగతులు ఉన్నాయి. వాటిని మనం పేరు పెట్టి అడగాలి.

మొదటిది, నిబంధనలు, ఫీజులు, కావాల్సిన కాగితాలు అందరికీ తెలిసేలా ప్రచురించాలి. రెండోది, నిబంధన మార్చేముందు సాధ్యమైనంత మేరకు సంబంధించిన వాళ్ల అభిప్రాయం అడగాలి. వ్యాపారులనే కాదు, ఆసక్తి ఉన్న ఇతరులను కూడా అడగాలి. సుంకం రేట్లకు, అత్యవసర పరిస్థితులకు ఇందులో మినహాయింపు ఉంది, అది నిజమే. అయినా మామూలు మార్పులన్నిటికీ అడగాల్సిన బాధ్యత ఉంది.

మూడోది, త్వరగా పాడయ్యే సరుకు గురించి. పండ్లు, కూరగాయలు, చేప, రొయ్య లాంటి వాటిని మామూలు పరిస్థితుల్లో వీలైనంత తక్కువ సమయంలో వదలాలి. తనిఖీలో వాటికి ముందు వరస ఇవ్వాలి. చాలా ఆలస్యమైతే ఎందుకైందో దిగుమతిదారు రాతపూర్వకంగా అడిగినప్పుడు సాధ్యమైనంత మేరకు చెప్పాలి. నాలుగోది, అవతలి రేవులో శాంపిల్ పరీక్షలో ఫెయిలైతే రెండో పరీక్షకు అవకాశం ఇవ్వవచ్చు. "ఇవ్వాలి" అని గట్టిగా రాయలేదు, "ఇవ్వవచ్చు" అని రాశారు. బలవంతుడి గేటు దగ్గర ఈ రెండు మాటల తేడా చాలా పెద్దది. అయిదోది, తిరస్కరించిన సరుకును తిరిగి పంపడానికో, వేరే చోటికి మళ్లించడానికో అనుమతించాలి.

కాగితాలన్నీ ఒకే కిటికీలో ఇచ్చే ఏర్పాటు గురించి కూడా ఉంది. మన దేశంలో 2016 ఏప్రిల్ నుంచి దిగుమతులకు ఒకే కిటికీ పద్ధతి మొదలైంది. అదే ఏడాది కేబినెట్ కార్యదర్శి అధ్యక్షతన జాతీయ కమిటీ వేశారు. సింగపూర్ 1989లోనే ఈ పని చేసింది. ఆఫ్రికాలో జాంబియా, జింబాబ్వే దేశాల మధ్య జాంబెజీ నది మీద చిరుందు అనే సరిహద్దు ఉంది. ఒక లారీ ముందు ఈ ఒడ్డున, తర్వాత ఆ ఒడ్డున రెండుసార్లు ఆగాల్సి వచ్చేది. 2009 డిసెంబరు నుంచి రెండు దేశాల అధికారులు ఒకే చోట కూర్చుని పని చేస్తున్నారు. రోజులు పట్టే దాటుడు చాలా తగ్గింది. పేద దేశాలు కూడా తమ అవసరం కోసం, తమ పద్ధతిలో గేటు బాగుచేసుకోగలవని అది చూపించింది.

పేద దేశాలకు ఒప్పందంలో ఒక వెసులుబాటు ఉంది. ఏ నిబంధన వెంటనే అమలు చేస్తారో, ఏది గడువు తీసుకుని చేస్తారో, ఏది బయటి సాయం అందితేనే చేయగలరో ఆ దేశమే మూడు రకాలుగా విభజించుకుని చెప్పవచ్చు. ఈ వెసులుబాటు ఊరికే రాలేదు. స్కానర్లకూ కంప్యూటర్లకూ ముందు డబ్బు పెట్టాలా, గోదాములకూ కాలువలకూ ముందు పెట్టాలా అని పేద దేశాలు అడిగాయి. గట్టిగా అడిగాక వచ్చింది.

బాలిలో జరిగిన బేరం

ఈ ఒప్పందం పుట్టుక మనకు తెలియాలి. 1996లో సింగపూర్‌లో జరిగిన మంత్రుల సమావేశంలో ధనిక దేశాలు నాలుగు కొత్త అంశాలు తెచ్చాయి. పెట్టుబడులు, పోటీ విధానం, ప్రభుత్వ కొనుగోళ్లు, కస్టమ్స్ సులభతరం. 2003 సెప్టెంబరులో మెక్సికోలోని కాన్‌కున్‌లో వాటిని పేద దేశాలు అడ్డుకున్నాయి. ఆ సమావేశం మొదలైన రోజునే, సెప్టెంబరు 10న, బయట జరిగిన నిరసనలో కొరియా రైతు నాయకుడు లీ క్యుంగ్ హే ప్రాణం తీసుకున్నారు. ఆయన బాధ కూడా మన బాధే, పండించిన దానికి ధర లేకపోవడం. ఆ సమావేశం విఫలమైంది. 2004లో నాలుగు అంశాల్లో మూడు పక్కకు పోయాయి. కస్టమ్స్ ఒక్కటి చర్చల్లో మిగిలింది.

2013లో బాలిలో దాని మీద బేరం కుదిరింది. ధనిక దేశాలకు కస్టమ్స్ ఒప్పందం కావాలి. మనకు ఆహార నిల్వల మీద భద్రత కావాలి. అంటే ప్రభుత్వం మద్దతు ధరకు వడ్లు, గోధుమలు కొని రేషన్ దుకాణాలకు ఇస్తే దాన్ని అక్రమ సబ్సిడీ అనకూడదు.

దాన్ని సబ్సిడీ అని ఎలా అంటారో చూడండి. ఇవాళ్టి మద్దతు ధర నుంచి 1986-88 నాటి ఒక అంతర్జాతీయ ధరను తీసేస్తారు. మిగిలిన తేడా మొత్తాన్నీ రైతుకిచ్చిన సబ్సిడీ కింద లెక్కేస్తారు. అప్పుడు డీజిల్ ధర ఎంత, కూలి ఎంత, డీఏపీ బస్తా ఎంత? వాటితో పనిలేదు. ఆ లెక్క పంట విలువలో 10 శాతం దాటితే తప్పు. 2018-19లో మన వరి ఉత్పత్తి విలువ 4,367 కోట్ల డాలర్లు, సబ్సిడీ 500 కోట్ల డాలర్లు అని మన ప్రభుత్వం డబ్ల్యూటీఓకు చెప్పింది. 10 శాతం దాటింది. బాలిలో ఇచ్చిన తాత్కాలిక రక్షణ ఉంది కాబట్టి కేసు లేకుండా గడిచింది. దాన్ని శాంతి నిబంధన అంటారు. అదీ బాలి నిర్ణయం నాటికి నడుస్తున్న పథకాలకే, సంప్రదాయ ఆహార పంటలకే వర్తిస్తుంది.

2014 జులై 31లోగా కస్టమ్స్ ఒప్పందానికి చట్టబద్ధత ఇవ్వాలని గడువు పెట్టారు. ఆహార నిల్వల సంగతి తేలకుండా మేం సంతకం చేయమని మన దేశం ఆపింది. ప్రపంచ పత్రికలు చాలా తిట్టాయి. ఆ నవంబరులో రాజీ కుదిరింది. శాశ్వత పరిష్కారం వచ్చేదాకా శాంతి నిబంధన కొనసాగుతుందని రాసిచ్చారు. కస్టమ్స్ ఒప్పందం ముందుకు పోయింది.

తర్వాత ఏమైంది? కస్టమ్స్ ఒప్పందం 2017లో అమల్లోకి వచ్చింది. శాశ్వత పరిష్కారం 2015లో నైరోబీలో తేలలేదు, 2017లో బ్యూనస్ ఎయిర్స్‌లో తేలలేదు, 2022లో జెనీవాలో తేలలేదు, 2024లో అబుదాబిలోనూ తేలలేదు. బేరంలో వాళ్ల సగం చట్టమైంది. మన సగం వాయిదాల్లో ఉంది. 2014లో ఆ కాస్త ఆపడం వల్లే ఉన్న రక్షణైనా మిగిలింది. చేతిలో ఉన్న బేరసారాల వస్తువును ముందే ఇచ్చేస్తే తర్వాత అడగడానికి ఏమీ మిగలదని పశువుల సంతలో బేరమాడిన ప్రతి రైతుకూ తెలుసు.

ఏది సులభం కావాలి, ఏది కాకూడదు

కస్టమ్స్ ఖర్చులు తగ్గడాన్ని మేము వ్యతిరేకించడం లేదు. ఒప్పందం పూర్తిగా అమలైతే వాణిజ్య ఖర్చులు సగటున 14.3 శాతం తగ్గుతాయని డబ్ల్యూటీఓ 2015 నివేదికలో లెక్కగట్టింది. తగ్గితే మంచిదే. కానీ గేటు రెండు వైపులా తెరుచుకుంటుంది. మన మిర్చి త్వరగా వెళ్లే గేటులోంచే బయటి సరుకు త్వరగా వస్తుంది. అందుకని ఒక గీత గీసుకోవాలి. కాగితం సులభం కావాలి. పురుగు తనిఖీ సులభం కాకూడదు.

నల్ల తామరపురుగును మన మిర్చి రైతులు మరిచిపోలేరు. ఆగ్నేయాసియాకు చెందిన పురుగు అది. మన దేశంలో 2015లో బెంగళూరులో బొప్పాయి మీద గుర్తించారు. 2021లో గుంటూరు, ప్రకాశం, ఖమ్మం, వరంగల్ ప్రాంతాల్లో మిరప పూత మీద పడి చేలను తుడిచిపెట్టింది. పూత రాలిపోతుంటే మందుల మీద మందులు కొట్టి అప్పులపాలయ్యాం. పొరుగు నేలల నుంచి వచ్చే పురుగు ఎంత నష్టం చేస్తుందో దానికన్నా వేరే రుజువు అక్కర్లేదు. కస్టమ్స్ సులభతరం పేరుతో మొక్కల క్వారంటైన్ తనిఖీని తగ్గించే పని ఎవరు చేసినా ఒప్పుకోకూడదు. మొక్కల, జంతువుల ఆరోగ్య రక్షణ హక్కులను ఈ ఒప్పందం తగ్గించదని అందులోనే రాసి ఉంది. కాబట్టి ఆ సాకు చెల్లదు. క్వారంటైన్ కార్యాలయాల్లో సిబ్బందిని పెంచితే తనిఖీ గట్టిగానూ ఉంటుంది, త్వరగానూ అవుతుంది.

మన వైపు బాధ్యత కూడా ఒకటుంది, దాచుకోనక్కర్లేదు. మిర్చిలో అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం ఉందని అవతలి రేవులో పట్టుకుంటే మొత్తం కంటైనరు పోతుంది. యూరప్ దేశాలు మన మిర్చికి ఈ పరీక్ష ప్రత్యేకంగా పెట్టుకున్నాయి. ఆ బూజు రేవులో పుట్టదు. తడి నేల మీద ఆరబోసినప్పుడు, మంచు పడిన రాత్రి పట్టా కప్పనప్పుడు పుడుతుంది. అందుకే సిమెంటు కల్లాలు, పట్టాలు ఇవ్వమని అడగడం కూడా కస్టమ్స్ డిమాండే. కల్లం బాగుంటే కంటైనరు ఆగదు.

మన డిమాండ్లు

ఇప్పటిదాకా చెప్పినదాన్ని అయిదు డిమాండ్లుగా పెడుతున్నాం. మండల కమిటీల్లో చర్చించి తీర్మానాలు పంపండి.

ఒకటి. ఎగుమతి నిషేధం తప్పనిసరైతే ముందుగా గడువు ఇవ్వాలి. రేవుకు చేరిన, బిల్లు వేసిన సరుకును వదలాలి. నిషేధం వల్ల ధర పడిన రోజుల్లో ప్రభుత్వమే మద్దతు ధరకు కొనాలి. కృష్ణాపురం ఉల్లిలాగా ఇక్కడి జనం పెద్దగా వాడని రకాలకు శాశ్వత మినహాయింపు ఉండాలి, ప్రతిసారీ విజ్ఞాపనలు పట్టుకుని తిరగకుండా.

రెండు. త్వరగా పాడయ్యే సరుకుకు ప్రతి రేవులో, ప్రతి సరిహద్దు చెక్‌పోస్టులో ముందు వరస, చల్లని గోదాము ఉండాలి. ఆలస్యమైతే కారణం రాసివ్వాలి.

మూడు. నాణ్యత పరీక్షలు రేవు దగ్గర కాకుండా పంట పండే చోటికి రావాలి. యార్డుల్లోనే ప్రయోగశాలలు ఉండాలి. ఫలితం వ్యాపారికే కాదు, రైతుకూ ఇవ్వాలి. తన సరుకు బాగుందని రుజువు చేతిలో ఉంటే రైతు బేరమాడగలడు. రైతు ఉత్పత్తిదారుల సంఘాలు, సహకార సంఘాలు నేరుగా ఎగుమతి చేయాలనుకుంటే కాగితాల పనిలో సాయపడే సిబ్బందిని యార్డుల్లో పెట్టాలి.

నాలుగు. కస్టమ్స్ పద్ధతుల మీద కేంద్రంలో, రాష్ట్రాల్లో వేసే కమిటీల్లో రైతు సంఘాలకు స్థానం ఇవ్వాలి. ఆలస్యం ఖర్చు చివరికి భరించేవాడు ఆ బల్ల దగ్గర కూర్చోవాలి.

అయిదు. ఆహార నిల్వల మీద శాశ్వత పరిష్కారం రాకుండా డబ్ల్యూటీఓలో ఏ కొత్త అంశానికీ మన ప్రభుత్వం ఒప్పుకోకూడదు.

మనం చేయాల్సిన పని

డిమాండ్లు పెట్టి ఊరుకుంటే పని కాదు. మన చేతిలో ఉన్న పని ఒకటుంది. మొదట్లో చెప్పిన సంగతికే వస్తున్నాం. ఖర్చు పెరిగినప్పుడు మన ధరలో కోత పడుతుంది, తగ్గినప్పుడు ఆ తగ్గుదల మన దాకా వచ్చిందో లేదో చెప్పే లెక్క మన దగ్గర లేదు. ఆ లెక్క మనమే రాయాలి.

ప్రతి గ్రామ కమిటీ ఒక నోటు పుస్తకం పెట్టండి. సభ్యులు అమ్మిన తక్‌పట్టీలు జాగ్రత్త చేయండి. తేదీ, రకం, ధర, కొన్నవాళ్లు ధర తగ్గడానికి చెప్పిన కారణం రాసిపెట్టండి. సరుకు ఏరి, ఎండబెట్టి, టిక్కీలు తొక్కేది ఎక్కువగా ఆడవాళ్లే. కూతకు తీసుకెళ్లేది మగవాళ్లు. పుస్తకం రాసేటప్పుడు ఇద్దరూ ఉండండి. ఒక సీజన్ పుస్తకాలు పది ఊళ్ల నుంచి వస్తే, "ఎగుమతి లేదు" అన్న రోజుల్లో నిజంగా రేవులో ఏం జరిగిందో పక్కన పెట్టి చూస్తాం. అప్పుడు మార్కెట్ కమిటీ ముందు, కలెక్టర్ ముందు మన మాటకు కాగితం తోడుంటుంది. రేవుల్లో, సరిహద్దుల్లో ఏది నడుస్తోందో, ఏది ఆగిందో ప్రతి రోజూ యార్డు బోర్డు మీద తెలుగులో రాయమని అడగడానికి అదే ఆధారం అవుతుంది. ప్రచురించాలని ఒప్పందమే అంటోంది. రైతు చదవగలిగే చోట రాస్తేనే అది ప్రచురించినట్టు.

ఈ సీజన్‌లో యార్డుకు వెళ్లినప్పుడు ఎవరైనా "ఎగుమతి లేదు" అంటే తల ఊపి వచ్చేయకండి. మూడు ప్రశ్నలు అడగండి. ఏ రేవులో ఆగింది? ఏ రోజు నుంచి ఆగింది? ఏ కారణంతో ఆగింది? జవాబు వచ్చినా రాసుకోండి, రాకపోయినా రాసుకోండి. వచ్చే తరగతికి ఆ పుస్తకాలు తీసుకురండి.